కళాశాల చదువునకు తెఱచియున్న పుస్తకములు

బెంగళూరు నగరమున తెలుగు మాధ్యమములో పదవ తరగతి ముగించిన విద్యార్థి ప్రి-యూనివర్సిటీ కళాశాలలో చేరిన తొలి దినములలో ఒక చిత్రమైన కష్టమునకు లోనగుచుండును. కిరణజన్య సంయోగక్రియ యన నేమో అతడెఱుగును. దాని సమీకరణమును గూడ వ్రాయగలడు. కాని అధ్యాపకుడు 'ఫొటోసింథసిస్' అని పలికి ముందునకు సాగునపుడు, అది తానెఱిగిన విషయమే యని పోల్చుకొనుటకు అతనికి కొంత వ్యవధి పట్టును. ఆ వ్యవధిలో పాఠము పది వాక్యములు నడచిపోవును. ఇట్లు కొన్ని వారములు గడచుసరికి ఆ బాలుడో బాలికయో తనకు తెలివి చాలదని భ్రమపడుట కలదు. తెలివికి లోటు లేదు. తెలిసిన భాషనుండి తెలిసికొనవలసిన భాషకు దాటించు పుస్తకము చేత లేకపోవుటయే ఆ కష్టమునకు మూలము.

ఈ లోటును చట్టము తీర్చునని ఎదురుచూచుటకు వీలులేదు. 1956వ సంవత్సరపు ఏడవ సవరణవలన భారత రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని నిర్దేశించుచున్నది. ప్రాథమిక దశను దాటినవారిని గూర్చి ఆ అధికరణము మాటాడదు. కావున కళాశాలకు పోవు మన విద్యార్థులు తమకు కావలసిన వంతెనను తామే వెదకికొనవలెను; దొరకనిచో తామే కట్టుకొనవలెను. అందులకు పనికివచ్చు సామగ్రి నేడు అంతర్జాలమున విరివిగా కలదు. దానికి ఆంగ్లమున 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అని పేరు. తెలుగున 'స్వేచ్ఛా విద్యావనరులు' అని చెప్పుకొందము. అవి యెట్టివి, ఎచ్చట దొరకును, దొరికినవానిని ఎట్లు పరీక్షింపవలెను అను సంగతులను ఈ వ్యాసమున వివరింప తలచితిమి.

ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము తన పాఠ్యసామగ్రిని లోకమునకంతటికి వెల లేకుండ అందింతునని 2001లో ప్రకటించినది. మఱుసటి సంవత్సరము, అనగా 2002లో, యునెస్కో సంస్థ పారిస్ నగరమున జరిపిన సమావేశమున 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అను పేరు పుట్టినది. 2019 నవంబరులో ఆ సంస్థయే సభ్యదేశములన్నియు ఇట్టి వనరులను ప్రోత్సహింపవలెనని ఒక సిఫారసును ఆమోదించినది.

ఇచ్చట 'ఓపెన్' అనగా కేవలము డబ్బు పెట్టకుండ దొరకునది యని భావింపరాదు. ఒక ఉపమానము చెప్పుదుము. వేసవిలో బాటప్రక్కన ధర్మాత్ములు చలివేంద్రము పెట్టుదురు. అచ్చట దాహము తీర్చుకొనవచ్చును గాని కుండను ఇంటికి కొనిపోరాదు. రేపు చలివేంద్రమును ఎత్తివేసినచో అడుగుటకు మనకు హక్కు లేదు. ఊరుమ్మడి బావి అట్టిది కాదు. నీరు తోడుకొనవచ్చును, ఇంట నిలువచేసికొనవచ్చును, ఇతరులకు పోయవచ్చును, పెరటి మొక్కలకు పాఱింపవచ్చును. వెల లేని పుస్తకములలో పెక్కు చలివేంద్రముల వంటివి. స్వేచ్ఛా వనరులు ఊరుమ్మడి బావుల వంటివి.

ఈ స్వేచ్ఛను ఐదు క్రియలలో చెప్పుట వాడుక: దాచుకొనుట, వాడుకొనుట, మార్చుకొనుట, వేఱొకదానితో కలుపుకొనుట, పదుగురకు పంచుట. ఈ ఐదింటిలో మనకు మిక్కిలి ముఖ్యమైనది మూడవది. ఏలయన, అనువాదము గూడ మార్పులలో ఒకటియే. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము ఒక గ్రంథమును అనువదించి ప్రకటించు హక్కు ఆ గ్రంథస్వామిదే. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పాఠ్యపుస్తకములను చూడుడు. వానిని ఎవరైనను అంతర్జాలమునుండి వెల లేకుండ దింపుకొనవచ్చును. కాని వానిపై హక్కులు ఆ సంస్థవే. అందలి యొక అధ్యాయమును తెలుగు చేసి అచ్చొత్తింపవలెనన్నచో అనుమతి వేడవలెను. ఆంగ్లము చక్కగా వచ్చినవానికి చలివేంద్రమైనను, బావియైనను నీరు ఒకటియే. మాతృభాషలోనికి మార్చుకొన్నగాని దాహము తీరనివారికి ఈ రెంటికిని గల భేదము చదువునకు సంబంధించిన భేదమే. ధరకన్న అనువాద స్వేచ్ఛయే అల్పసంఖ్యాక భాషీయులకు విలువైనదని మా అభిప్రాయము.

చిహ్నములను చదువు విధము

ఒక వనరు స్వేచ్ఛగలదో కాదో తెలిసికొనుటకు దాని మొదటి పుటనో చివరి పుటనో చూడవలెను. 2001లో స్థాపితమైన క్రియేటివ్ కామన్స్ అను సంస్థ ఇందులకై కొన్ని అనుమతి చిహ్నములను ఏర్పఱచినది. వానిని వాడుకలో లైసెన్సులందురు. 'బి.వై.' అని యుండినచో, కర్త పేరు చెప్పి యథేచ్ఛగా వాడుకొనవచ్చును. 'ఎస్.ఏ.' అని యుండినచో, మనము దానినుండి తయారుచేసినదానిని గూడ అదే అనుమతితో ఇతరులకు విడువవలెను. 'ఎన్.సి.' యనగా వ్యాపారమునకు వాడరాదు. 'ఎన్.డి.' యనగా మార్చినదానిని పంచరాదు. అనగా తెలుగు చేసి ప్రకటింపరాదు. వికీపీడియాలోని వ్యాసములకు మొదటి రెండు చిహ్నములును కలవు. మసాచుసెట్స్ విద్యాలయపు పాఠములకు వానితోపాటు 'ఎన్.సి.' యును కలదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము 2012 నుండి 'ఓపెన్‌స్టాక్స్' అను పేర ప్రకటించుచున్న కళాశాల పుస్తకములలో పెక్కింటికి 'బి.వై.' కలదు.

ప్రాచీన గ్రంథములకు చిహ్నముతో పనిలేదు. మన చట్టము ప్రకారము గ్రంథకర్త జీవితకాలమును, అతడు గతించిన పిమ్మట అఱువది సంవత్సరములును గడచినచో ఆ గ్రంథము లోకమునకెల్ల సొత్తగును. 1919లో గతించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి రచనలు, 1940లో గతించిన గిడుగు రామమూర్తి పంతులుగారి రచనలు నేడు అట్టివే. 1852లో వెలువడిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు నేడు అంతర్జాలమున పలుచోట్ల ఉచితముగా వెదకి చూచుటకు వీలగుచున్నదన్న, అది హక్కుల బంధమునుండి విడివడుటయే అందులకు కారణము.

మన నగరమే నేర్పిన పాఠము

ఉచితమునకును స్వేచ్ఛకును గల భేదమును తెలుపు చరిత్ర యొకటి మన బెంగళూరునందే జరిగినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' అను మహాకార్యము ఇచ్చటి భారతీయ విజ్ఞాన సంస్థ ఆధారముగా నడచినది. పది లక్షల పుస్తకములను ఛాయారూపమున అంతర్జాలమునకు ఎక్కింపవలెనను సంకల్పములో ఇది భాగము. ఆ సంకల్పమునకు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన రాజ్ రెడ్డిగారు ముఖ్యప్రేరకులు. వారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించి, 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానమును పొందిన తెలుగువారు. భారతదేశమున ఆ భారమును వహించినవారు విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఎన్. బాలకృష్ణన్‌గారు. హైదరాబాదు మొదలగు పట్టణములలోను పుస్తకములు ఛాయారూపమునకు మార్చబడినవి. లక్షలకొలది గ్రంథములు చేరినవి. అందు తెలుగు గ్రంథములు వేలకొలది. అచ్చులో కానరాకపోయిన పాత వ్యాకరణములు, శాస్త్రగ్రంథములు, పత్రికలు గదిలో కూర్చుండి చదువుకొను భాగ్యము విద్యార్థులకు కలిగినది.

కాని అట్లు చేరిన పుస్తకములలో కాపీరైటు గడువు తీరనివియు కలిసియుండెను. ఆ చిక్కువలన 2017 ప్రాంతమున ఆ వెబ్‌సైటు మూతపడినది. నాటివఱకు దానినే నమ్ముకొనియున్న పాఠకులు ఒక్కసారిగా ద్వారము వెలుపల నిలువవలసివచ్చెను. అయినను ఆ గ్రంథములలో అధికభాగము నశింపలేదు. అమెరికాలో కార్ల్ మాలముద్ మున్నగువారు అంతకు ముందే వానిలో లక్షలకొలది ప్రతులను 'ఇంటర్నెట్ ఆర్కైవ్' అను గ్రంథాలయమునకు ఎక్కించియుండిరి. తెలుగు పుస్తకములు నేడు మనకు అచ్చటనే దొరకుచున్నవి.

దీనివలన మనము గ్రహింపవలసినది రెండు విషయములు. హక్కులు సరిచూడకుండ కూర్చిన భాండాగారము ఎంత గొప్పదైనను ఒకనాడు మూతపడవచ్చును. దాచుకొనుటకును పంచుటకును స్వేచ్ఛగల పుస్తకము ఒకచోట మూతపడినను వేఱొకచోట బ్రదుకును. అందువలన ఇంటర్నెట్ ఆర్కైవులో ఒక పుస్తకము కనబడినంత మాత్రమున అది స్వేచ్ఛగలదని తలపరాదు. కర్త గతించిన సంవత్సరమును లెక్కించి చూచుకొనవలెను.

ఎచ్చట వెదకవలెను

వెదకుటకు పూనుకొనకముందు సిలబసు అని మనము పిలుచు పాఠ్యప్రణాళికను ఎదుట పెట్టుకొనవలెను. పుస్తకపు పేరుతో కాక పాఠ్యాంశపు పేరుతో వెదకవలెను. ప్రతి పాఠ్యాంశమునకు తెలుగు పేరును ఆంగ్లపు పేరును రెండును వ్రాసికొనుట మేలు.

భారతీయ సాంకేతిక విద్యాసంస్థలును బెంగళూరు విజ్ఞాన సంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పథకమున ఇంజనీరింగు, గణితము, భౌతికము మొదలగు శాస్త్రములలో ఉపన్యాసములు కలవు. కొన్ని పాఠములకు తెలుగు, కన్నడ అనువాదములును లభించుచున్నవి. 2017 జూలై 9వ తేదీన ఆరంభమైన 'స్వయం' అను వేదికలో డిగ్రీ విద్యార్థులకు కావలసిన పలు విషయములు కలవు. అచ్చట చదువుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి ధ్రువపత్రము పొందుటకు మాత్రము రుసుము కలదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో చేసిన నిబంధనల ప్రకారము ఒక డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో నూటికి నలుబదివఱకు 'స్వయం' ద్వారా పొందవచ్చును. అయితే అందులకు తమ కళాశాల అంగీకరించునో లేదో ముందుగా విచారించుకొనవలెను.

ఖరగ్‌పూరు సాంకేతిక విద్యాసంస్థ నిర్మించి 2018 జూన్‌లో జాతికి అంకితము చేసిన 'నేషనల్ డిజిటల్ లైబ్రరీ' యొక మహాసూచిక వంటిది. ఏ పుస్తకము ఏ సంస్థయొద్ద కలదో అది చూపును. 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయపు పాఠములు 'ఈ-జ్ఞానకోశ్' అను చోట కలవు. ఒంటరిగా చదువుకొనువారి నిమిత్తమై వ్రాసినవి గాన మిక్కిలి సుబోధకములు. అఖిల భారత సాంకేతిక విద్యామండలివారు 'ఈ-కుంభ్' అనుచోట ఇంజనీరింగు, డిప్లొమా పుస్తకములను తెలుగు, కన్నడములతో సహా పలుభాషలలో ఉంచుచున్నారు.

తెలుగున కళాశాల స్థాయి పుస్తకములు వ్రాయించుటకై 1968లో హైదరాబాదున తెలుగు అకాడమి వెలసినది. అదే నగరమున 1982లో నెలకొల్పబడి నేడు అంబేడ్కరు పేర నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము డిగ్రీ పాఠములను తెలుగున తయారుచేసినది. వీనిని స్వేచ్ఛా వనరులని చెప్పజాలము. కాని పారిభాషిక పదములకు వీనికన్న నమ్మదగిన ఆధారము అరుదు. ఆంగ్లమున స్వేచ్ఛా పుస్తకమును, తెలుగున అకాడమి పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మన విద్యార్థులకు ఉత్తమమార్గమని మేము తలచుచున్నాము.

ఒక ఉదాహరణము

వాణిజ్య విద్యార్థికి 'ఎలాస్టిసిటీ ఆఫ్ డిమాండ్' అను పాఠము వచ్చెననుకొందము. తెలుగున దీనిని డిమాండు వ్యాకోచత్వము అందురు. ఓపెన్‌స్టాక్స్ వారి అర్థశాస్త్ర పుస్తకమున దీనికి ఒక అధ్యాయమే కలదు. అందలి లెక్కలు డాలర్లలో నుండును. వస్తువులు మన పిల్లలు చూచి యెఱుగనివి కావచ్చును. ఆ పుస్తకమునకు మార్పు చేసికొను స్వేచ్ఛ కలదు గనుక, ఉదాహరణమును మన ఊరికి తెచ్చుకొనవచ్చును. మదనపల్లెనుండియు కోలారునుండియు బెంగళూరు కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు టమోటాలు వచ్చుననుకొందము. కిలో వెల 40 రూపాయలనుండి 44 రూపాయలకు పెరిగినది. పెరుగుదల నూటికి పది. ఒక పూటకూళ్ల యింటివారు వారమునకు 20 కిలోలు కొనుచుండి 19 కిలోలకు తగ్గించిరి. తగ్గుదల నూటికి ఐదు. ఐదును పదిచేత భాగించినచో వ్యాకోచత్వము స్థూలముగా 0.5. ఒకటికన్న తక్కువ గనుక ఇది అల్పవ్యాకోచము. చారునకు పులుసునకు టమోటా లేక గడవదు; వెల పెరిగినను కొనుగోలు అంతగా తగ్గదు. ఇట్లు వ్రాసికొన్న పాఠమును, మూలకర్త పేరు చెప్పి, తరగతిలో అందఱికిని పంచవచ్చును. మఱుసటి యేట చేరువారికి అది సిద్ధముగా నుండును.

కొన్ని హెచ్చరికలు

మొదటిది. అమ్మకపు పుస్తకములను దొంగచాటుగా ఎక్కించిన వెబ్‌సైట్లు స్వేచ్ఛా వనరులు కావు. స్వంత చదువునకును తరగతి బోధనకును కొంత ప్రతి తీసికొనుట మన చట్టము అనుమతించుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయము దగ్గఱి ఫొటోకాపీ దుకాణమును గూర్చిన వివాదమున 2016లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తరగతి బోధనకు సంబంధించిన ఆ మినహాయింపును విపులముగా వివరించినది. కాని ఆ మినహాయింపు పుస్తకమును అచ్చొత్తి అమ్ముకొనుటకు కాని, అనువదించి ప్రకటించుటకు కాని చాలదు.

రెండవది. యంత్రముచేత క్షణములో తెలుగు చేయించుకొను సదుపాయము నేడు కలదు. దానిని త్రోవ తెలిసికొనుటకు వాడుకొనుడు; నమ్మి పరీక్ష వ్రాయకుడు. భౌతికశాస్త్రమున 'ఫోర్స్' అనగా బలము, 'ఎనర్జీ' అనగా శక్తి, 'పవర్' అనగా సామర్థ్యము. వాడుక భాషలో ఈ మూడింటిని శక్తి యనియే చెప్పుదుము. యంత్రము వాడుకను అనుసరించి 'పవర్' అను పదమును శక్తి యని వ్రాసినచో, జౌలునకును వాటునకును భేదము చెడి లెక్క యంతయు తప్పును. ప్రతి పారిభాషిక పదమును అకాడమి పుస్తకముతో సరిచూచుకొనవలెను.

మూడవది. దొరికిన వనరును స్వీకరించుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. వ్రాసినవారెవరు? ఎప్పుడు వ్రాసిరి? మన పాఠ్యప్రణాళికలోని యంశములలో ఎన్నింటిని ఇది స్పృశించుచున్నది? దీనికి ఏ అనుమతి కలదు? ఈ నాలుగింటికి సమాధానములను పుస్తకపు పేరుతోపాటు ఒక నోటు పుస్తకమున వ్రాసి, దింపుకొన్న ప్రతిని రెండుచోట్ల భద్రపఱచవలెను.

పుచ్చుకొనుటయే కాక ఇచ్చుటయు

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగు పెద్దలు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రను, ప్రకృతిశాస్త్రములను ఆంగ్లము రానివారికి తెలుగున అందింపవలెననుట వారి ఉద్దేశము. వారికి ఒక్కొక్క పుస్తకమునకు కాగితము, ముద్రణ, చందాదారులు కావలసివచ్చిరి. నేడు అట్టి పనికి కావలసినది ఓపిక మాత్రమే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానికి తోబుట్టువైన వికీసోర్సులో హక్కుల గడువు తీరిన పాత తెలుగు గ్రంథములను ఒక్కొక్క పుటయే సరిదిద్ది ఉంచుదురు. ఒకరు దిద్దిన పుటకు పసుపు రంగు, వేఱొకరు మఱల సరిచూచిన పుటకు ఆకుపచ్చ రంగు గుర్తు. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు ఇట్టి పనిలో పాల్గొనిరి. మన పిల్లలకు ఇది అసాధ్యమైనది కాదు. పుట దిద్దువానికి భాష బాగుపడును, పుస్తకము నిలుచును.

ఇంతకన్న సులభమైన పని యొకటి కలదు. ప్రతి విద్యార్థియు మూడు గడుల పదపట్టికను వ్రాసికొనవలెను: ఒక గడిలో తెలుగు, రెండవదానిలో ఆంగ్లము, మూడవదానిలో కన్నడము. 'ఇనర్షియా' తెలుగున జడత్వము, కన్నడమున జడత్వ. గురుత్వాకర్షణము కన్నడమున గురుత్వాకర్షణె. కిరణజన్య సంయోగక్రియను మాత్రము కన్నడిగులు ద్యుతిసంశ్లేషణె యందురు. ఇరుగుపొరుగు భాషలు ఎచ్చట కలియునో, ఎచ్చట విడిపోవునో ఈ పట్టిక చూపును. కళాశాలలో ప్రక్కన కూర్చుండు కన్నడ మిత్రునితో కలిసి చదువుటకు తోడ్పడును.

ఈ సంవత్సరము పదవ తరగతి ముగించుచున్న విద్యార్థులారా! ఫలితములు వెలువడి కళాశాల తెఱచువఱకు మీకు కొన్ని వారముల వ్యవధి కలదు. మీరు చేరదలచిన విభాగపు పాఠ్యప్రణాళికను తెప్పించుకొనుడు. అందలి మొదటి పది పాఠ్యాంశములకు పదపట్టిక వ్రాయుడు. ఒక్కొక్కదానికి ఒక స్వేచ్ఛా వనరును వెదకి పెట్టుకొనుడు. సంగణకము లేనివారు పాఠశాల గ్రంథాలయమున అడుగుడు. మీరు వ్రాసిన పట్టికకు ఒక ప్రతిని మాకు ఇచ్చి వెళ్లుడు. ఏటేట అట్టివి చేరినచో కొలది సంవత్సరములలో మన పాఠశాలకు స్వంతమైన త్రిభాషా పదకోశము ఏర్పడును. దానిపై 'బి.వై., ఎస్.ఏ.' అను రెండు చిహ్నములను ముద్రించి, బెంగళూరునందలి ఇతర తెలుగు పాఠశాలలకును పంపుదము.